అమ్మదీ నాయనదీ ఒకే అక్షరం

2008 ఆగస్టులో ఒక రాత్రి మా తమ్ముణ్ణి భరించలేని కడుపు నొప్పితో ప్రొద్దుటూరులోని ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకువెళ్ళాము. వాడికి అప్పుడు 24 ఏళ్ళు. అపెండిక్సు పగిలేలా ఉందని, తెల్లవారే దాకా ఆగే వీలు లేదని చెప్పి ఒంటిగంటకు ఆపరేషన్ థియేటరులోకి తీసుకువెళ్ళారు. గంటలో అయిపోతుందన్న ఆపరేషన్ గంటలోనే అయిపోయింది, కానీ వాణ్ణి బయటికి తీసుకురాలేదు. మూడు గంటల వేళ మత్తు డాక్టరు బయటికి వచ్చి, మా అమ్మ ఎదురుగా నిలబడి, చాలా మెల్లగా అడిగారు: "అమ్మా, మీరు వైశ్యులా?"

కొడుకు లోపల ఉండగా ఈ వేళప్పుడు కులం ఎందుకు అడుగుతున్నారో అర్థం కాక అమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాయనే జవాబు చెప్పారు. అవును సార్, ఆర్యవైశ్యులమే అన్నారు. డాక్టరు గారు తల పంకించి, ఆపరేషన్ సవ్యంగానే జరిగిందని, అయితే గొంతులోకి గొట్టం వేయడానికి ముందు కండరాలు వదులయ్యేందుకు ఇచ్చిన మందు ప్రభావం మావాడి ఒంట్లో ఇంకా తగ్గలేదని, అది దానంతట అది తగ్గేదాకా యంత్రంతో ఊపిరి అందిస్తామని చెప్పారు. ఆ మందును డాక్టర్లు స్కోలిన్ అంటారు. సాధారణంగా అయిదు నుంచి పది నిమిషాల్లో దాని పని ముగుస్తుంది, ఎందుకంటే కాలేయంలో తయారై రక్తంలో తిరిగే ఒక ఎంజైము దాన్ని వెంటనే విరిచేస్తుంది. ఆ ఎంజైము లేనివారిలో మందు విరగదు, గంటల తరబడి ఛాతీ కండరాలు కదలవు, ఊపిరి తీసే యంత్రం లేకపోతే మనిషి బతకడు. మా తమ్ముడు ఉదయం తొమ్మిదిన్నరకు కుడిచేతి చూపుడు వేలు కదిపాడు. పది దాటాక సొంతంగా ఊపిరి తీసుకున్నాడు. డిశ్చార్జి కాగితం మీద ఎర్ర సిరాతో "స్కోలిన్ ఇవ్వరాదు" అని రాసి, రెండు సార్లు అడుగున గీత గీసి, ఇంట్లో అందరూ రక్తపరీక్ష చేయించుకోవాలని ఆ డాక్టరు గారు చెప్పారు. ఆయన ఆ రాత్రి ఆ ప్రశ్న అడిగి ఉండకపోతే మేము ఈ దారిలోకి వచ్చేవాళ్ళమే కాదు.

నేను కామర్స్ అధ్యాపకురాలిని. జీవశాస్త్రం ఇంటర్ తరువాత వదిలేశాను. అయినా ఆ ఎర్ర అక్షరాల వెనుక ఏముందో తెలుసుకోకుండా ఉండలేకపోయాను. మొదట ఎంజైము పరీక్షలు జరిగాయి. తమ్ముడిలో దాని జాడ దాదాపు లేదు. అమ్మలోనూ నాయనలోనూ ఉండవలసిన దానిలో ఇంచుమించు సగం ఉంది. నాలోనూ అంతే. అంటే నా తమ్ముడికి ఇద్దరి నుంచీ ఆ ఎంజైము జన్యువు లోపమున్న ప్రతి (కాపీ) వచ్చింది, నాకు ఒక్కరి నుంచే వచ్చింది. రెండో ప్రతి మంచిది కనుక నాకు ప్రమాదం లేదు.

ఈ మాట చుట్టాల్లో తెలిసిన రోజునే అందరూ ఒకే తీర్పు చెప్పారు: ఇది మేనరికం దోషం. మావాళ్ళలో మేనరికాలు ఎక్కువే, ఆ మాట నిజం. కానీ మా అమ్మానాయనలది మేనరికం కాదు. అమ్మ పుట్టింటివారు కావలి వైపు, నాయన వాళ్ళది తరతరాలుగా ప్రొద్దుటూరు. బట్టల వ్యాపారంలో పరిచయమైన ఒక పెద్దమనిషి ఈ సంబంధం చెప్పేదాకా రెండు కుటుంబాలు ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. గోత్రాలు వేరు, ఇంటిపేర్లు వేరు, జిల్లాలు వేరు. ఏ చుట్టరికమూ లేని ఇద్దరు మనుషులు తమ కొడుక్కి ఒకే లోపాన్ని చెరొక చేత్తో ఎలా ఇవ్వగలిగారు? ఆ తరువాత పదేళ్ళకు పైగా నన్ను నడిపించిన ప్రశ్న ఇదే.

ఆ ఏడాది చివర హైదరాబాదులో ఒక జన్యు సలహా కేంద్రానికి వెళ్ళాము. అక్కడి డాక్టరమ్మ ముందుగా ఒక పెద్ద తెల్లకాగితం తీసి మా వంశవృక్షం గీయించారు. మగవారికి చదరం, ఆడవారికి సున్నా, భార్యాభర్తల మధ్య ఒక గీత, వాళ్ళు దగ్గరి బంధువులైతే జంట గీత. లోపం ఉన్నవారి గుర్తును పూర్తిగా నల్లగా నింపుతారు, ఒక ప్రతిని మాత్రమే మోస్తున్నవారిని సగం నింపుతారు. నాయన వైపు ఏడు తరాల చదరాలు నాయన తడుముకోకుండా చెప్పారు, శ్రాద్ధాలలో పలికే పేర్లు కనుక. అమ్మ వైపు సున్నాలు మూడో తరం దాటలేదు. తన అమ్మమ్మ పేరు తెలుసు, ఆమె తల్లి పేరు అమ్మకు తెలియదు. కాగితం మీద ఒక పక్క నిచ్చెనలా పైకి పోతూ ఉంటే, మరొక పక్క ఖాళీ సున్నాల దగ్గర ఆగిపోయింది. ఆ ఖాళీ నన్ను చాలా బాధ పెట్టింది.

జన్యు పరీక్షలో వచ్చిన సమాధానం ఒక్క అక్షరం. ఈ ఎంజైమును తయారుచేసే జన్యువు మూడో క్రోమోజోము మీద ఉంది. డీఎన్‌ఏను మనం ఏ, టీ, జీ, సీ అనే నాలుగు అక్షరాలతో రాస్తాము కదా, ఆ జన్యువులో టీ ఉండవలసిన ఒక చోట సీ ఉంది. దానివల్ల ఎంజైములో 307వ స్థానంలో ల్యూసిన్ అనే అమైనో ఆమ్లానికి బదులు ప్రోలిన్ చేరుతుంది, మడత చెడుతుంది, ఎంజైము పనికిరాకుండా పోతుంది. మా తమ్ముడి రెండు ప్రతుల్లోనూ అదే చోట అదే సీ. వైశ్యుల్లో ఈ మార్పును కోయంబత్తూరులోని పరిశోధకులు అంతకు కొద్దికాలం ముందే గుర్తించి ప్రచురించారని డాక్టరమ్మ చెప్పారు. 300 కోట్ల అక్షరాలున్న గ్రంథంలో కావలి నుంచి వచ్చిన ప్రతిలోనూ ప్రొద్దుటూరు నుంచి వచ్చిన ప్రతిలోనూ ఒకే పుటలో ఒకే ముద్రారాక్షసం ఉంటే, ఆ రెండు ప్రతులూ ఏదో ఒకనాటి ఒకే మూల ప్రతి నుంచి ఎత్తి రాసినవని ఎవరైనా అనుకుంటారు. ప్రాచీన తాళపత్రాలను పరిష్కరించే పండితులు చేసే పని సరిగ్గా ఇదే. జన్యు శాస్త్రవేత్తలు మరొక అడుగు ముందుకు వేసి, ఆ తప్పుకు అటూ ఇటూ ఉన్న అక్షరాలు కూడా కలుస్తున్నాయా అని చూస్తారు. అవీ కలిస్తే ఆ తప్పు వేర్వేరు చోట్ల వేర్వేరుగా పుట్టినది కాదు, ఒకే పూర్వికుడి నుంచో పూర్వికురాలి నుంచో దిగి వచ్చినది.

అయితే ఎప్పటి పూర్వికుడు? ఆ ప్రశ్నకు సమాధానం మరుసటి ఏడాది పత్రికల్లో కనిపించింది. 2009 సెప్టెంబరులో హైదరాబాదులోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీకి చెందిన కుమారస్వామి తంగరాజ్, లాల్జీ సింగ్ గార్లు, అమెరికాలోని డేవిడ్ రైక్ బృందంతో కలిసి నేచర్ పత్రికలో ఒక పరిశోధన ప్రచురించారు. 25 సమూహాలకు చెందిన 132 మంది భారతీయుల డీఎన్‌ఏలో 5 లక్షల 60 వేలకు పైగా స్థానాలను వారు పోల్చి చూశారు. వారిలో మన తెలుగు నేల నుంచి చెంచులు, మాలలు, మాదిగలు, కంసాలులు, వెలమలు, వైశ్యులు ఉన్నారు. మా పేరు ఆ పట్టికలో చూసినప్పుడు నా గుండె వేగంగా కొట్టుకుంది. కొన్ని సమూహాలు చాలా కొద్దిమంది మూలపురుషుల నుంచి, మూలస్త్రీల నుంచి విస్తరించాయని, వైశ్యుల విషయంలో ఆ ఘట్టం 100 తరాలకు పైగా వెనకటిదని, ఆనాటి నుంచి ప్రతి తరంలోనూ బయటి నుంచి వచ్చి కలిసినవారు సగటున 30 మందిలో ఒకరి కంటే తక్కువేనని అందులో ఉంది. శాస్త్రవేత్తలు దీన్ని స్థాపక ఘట్టం అంటారు.

తరానికి 25 ఏళ్ళనుకున్నా 100 తరాలంటే 2,500 ఏళ్ళు. మన కులాల మధ్య కంచెలు నిన్న మొన్న వెలసినవే అనే వాదన నేను చదివి ఉన్నాను, కొంత నమ్మి ఉన్నాను కూడా. కనీసం ఒక్క సమూహం విషయంలో ఆ కంచె చాలా పాతదని డీఎన్‌ఏ చెబుతోంది.

తరాల లెక్క ఎలా తీస్తారో అర్థం చేసుకోవడానికి నాకు చాలా నెలలు పట్టింది. చివరికి మా నాయన దుకాణంలోని తానుల సాయంతో నాకు నేను చెప్పుకున్నాను. తల్లి నుంచి, తండ్రి నుంచి వచ్చిన క్రోమోజోములు బిడ్డకు అందే ముందు ఒకదానితో ఒకటి ముక్కలు మార్చుకుంటాయి. అంటే ప్రతి తరంలోనూ తాను అక్కడక్కడా తెగి, మరొక తాను ముక్కతో అతుకుపడుతుంది. అన్నదమ్ముల పిల్లల డీఎన్‌ఏ పక్కపక్కన పరిస్తే పెద్ద పెద్ద పీసులు ఒకే అంచు, ఒకే రంగుతో కలుస్తాయి. పది తరాల దూరంలో ఉన్నవారి మధ్య మూరెడు ముక్కలు ఎక్కడో ఒకటి కనబడవచ్చు. 100 తరాలు గడిస్తే ముక్కలన్నీ జానెడుకు, బెత్తెడుకు తగ్గిపోతాయి. కలిసే ముక్కల పొడవు చూసి ఎన్నిసార్లు తెగిందో, అంటే ఎన్ని తరాలు గడిచాయో లెక్క కడతారు. అలాంటి ముక్కలు ఎంత ఎక్కువగా కలుస్తాయో చూసి మూలపురుషులు ఎంత కొద్దిమందో అంచనా వేస్తారు.

మేనరికానికీ దీనికీ తేడా కూడా ఇక్కడే ఉంది. మేనత్త, మేనమామ పిల్లలు పెళ్ళి చేసుకుంటే పుట్టే బిడ్డ డీఎన్‌ఏలో సగటున పదహారో వంతు రెండు వైపుల నుంచీ ఒకే ముక్కగా వస్తుంది. మేనమామను చేసుకుంటే అది ఎనిమిదో వంతు. అవి పొడవైన ముక్కలు, కొత్త ముక్కలు. మా తమ్ముడికి వచ్చినది పాత ముక్క. మేనరికం మానుకుంటే మొదటి రకం తప్పుతుంది. సమూహం లోపలే, ఎంత దూరపు ఊరి సంబంధం చేసుకున్నా, రెండో రకం తప్పదు. మా చుట్టాల తీర్పు అందుకే సరిపోలేదు.

కామర్స్ మనిషిని కనుక మరొక లెక్క కూడా వేసి చూశాను. ఒక తరం వెనక్కి వెళితే ఇద్దరు, రెండు తరాలకు నలుగురు, పది తరాలకు 1,024 మంది, ఇరవై తరాలకు 10 లక్షలు దాటుతారు, ముప్పై తరాలకు 107 కోట్లు. ముప్పై తరాల కిందట భూమి మీదే అంత జనం లేరు. అంటే నా వంశవృక్షంలోని స్థానాలన్నీ వేర్వేరు మనుషులు కావడం అసంభవం. ఒకే వ్యక్తి వందల చోట్ల, వేల చోట్ల కనబడాలి. బయటి పెళ్ళిళ్ళు తక్కువైన సమూహంలో ఇది ఇంకా ముందే జరుగుతుంది. అమ్మ వైపు కొమ్మలూ నాయన వైపు కొమ్మలూ పైకి పోయే కొద్దీ ఒకే మనుషుల దగ్గరికి చేరాయి. ఏ చుట్టరికమూ లేదనుకున్న ఆ ఇద్దరూ వేల దారుల్లో చుట్టాలే.

ఇక్కడ ఒక విషయం జాగ్రత్తగా చెప్పాలి. పెనుగొండ వాసవీ కన్యకా పరమేశ్వరి కథ మా ఇళ్ళలో ప్రతి పిల్లకూ తెలుసు. 714 గోత్రాల వారిలో 102 గోత్రాల దంపతులు అమ్మవారితో పాటు అగ్నిప్రవేశం చేశారని, ఆ 102 గోత్రాల వారి సంతతే నేటి ఆర్యవైశ్యులని పెద్దలు చెబుతారు. ఎక్కువమంది విడిపోయి కొద్దిమంది మిగిలారనే కథ వినగానే స్థాపక ఘట్టం గుర్తుకు రావడం సహజం, నాకూ వచ్చింది. మా బంధువుల్లో ఒకరు "చూశావా అమ్మా, సైన్సు కూడా మన పురాణాన్నే చెబుతోంది" అని సంతోషపడ్డారు. నేను ఒప్పుకోలేకపోయాను. కథలో ఎదురు నిలిచిన రాజును పెద్దలు మధ్యయుగపు రాజుగా చెబుతారు, జన్యు లెక్క అంతకంటే వెయ్యేళ్ళకు పైగా వెనక్కి పోతుంది. ఆ కథను నేను భక్తితోనే వింటాను. కానీ భక్తితో విన్న కథకు ఆధారంగా రక్తపు నమూనాను చూపడం రెండింటికీ న్యాయం కాదు.

2012లో ఒక పరిశోధన బృందం మా ఊరి కల్యాణ మండపంలో నమూనాలు సేకరించినప్పుడు నేనూ ఇచ్చాను. సూదికి ముందు అరగంట సేపు ప్రశ్నలే. మాతృభాష ఏది, తాతలు నలుగురూ ఎక్కడ పుట్టారు, గోత్రం ఏది, ఇక్కడికి వచ్చినవారిలో మూడు తరాల లోపు బంధువులు ఉన్నారా. బంధువులు ఉంటే ఒకరినే తీసుకుంటామన్నారు, ఎందుకంటే ఒకే ఇంటివారు నలుగురు చేరితే సమూహమంతా అలాగే ఉన్నట్టు లెక్క తప్పుతుంది. తెలుగులో ఉన్న అంగీకార పత్రాన్ని ఒక అమ్మాయి పైకి చదివి వినిపించింది. పేరు తీసేసి ఒక సంఖ్య వేస్తామని, ఫలితాలు సమూహానికే గాని మనిషికి చెప్పబోమని, ఎప్పుడైనా తప్పుకోవచ్చని అందులో ఉంది. గోత్రం అడిగిన చోట నేను కాసేపు ఆగాను. పెళ్ళితో నా గోత్రం మారింది, ఇంటిపేరూ మారింది. ఏది రాయాలని అడిగితే ఆ అమ్మాయి "పుట్టింటిది రాయండి మేడమ్, ఒంట్లో ఉన్నది అదే" అంది. ఊదారంగు మూత ఉన్న గొట్టంలోకి 10 మిల్లీలీటర్ల రక్తం తీసి, గడ్డ కట్టకుండా ఏడెనిమిది సార్లు తలకిందులుగా తిప్పి మంచు పెట్టెలో పెట్టింది.

ఆ తరువాత సీసీఎంబీలో సందర్శకులను లోపలికి రానిచ్చే ఒక రోజున మా విద్యార్థులను తీసుకువెళ్ళి, రక్తం నుంచి డీఎన్‌ఏ ఎలా తీస్తారో చూశాను. కణాలను పగలగొట్టి, ప్రొటీన్లను తొలగించాక మిగిలిన తేటనీటి మీద బాగా చల్లబడిన ఆల్కహాలును గొట్టం అంచు వెంబడి మెల్లగా పోస్తారు. రెండూ కలిసే గీత దగ్గర మొదట పొగమంచులా ఒక తెలుపు కనిపించింది. గొట్టాన్ని నెమ్మదిగా వంచి లేపుతుంటే ఆ తెలుపు పోగులు పోగులుగా చుట్టుకుని, ఏకు నుంచి లాగిన నూలు కొసలా పైకి తేలింది. గాజు కడ్డీ కొసకు దాన్ని చుట్టి బయటికి తీశారు. అది ఎవరి రక్తమో నాకు తెలియదు. చూస్తూ ఉండగా అమ్మ వంశవృక్షంలోని ఖాళీ సున్నాలు గుర్తుకు వచ్చాయి. పేరు పోయింది గాని, పోగు పోలేదు.

ఆ సున్నాల కోసమే కొన్నేళ్ళ తరువాత లాలాజలం పంపి చేయించుకునే పరీక్ష ఒకటి కొన్నాను. తల్లి నుంచి మాత్రమే వచ్చే మైటోకాండ్రియా డీఎన్‌ఏ 16,569 అక్షరాల చిన్న గ్రంథం. తల్లి దాన్ని కొడుకులకూ కూతుళ్ళకూ ఇస్తుంది గాని, ముందుకు పంపేది కూతుళ్ళే. తండ్రి నుంచి కొడుక్కి పోయే వై క్రోమోజోము దీనికి జోడు. గోత్రం పోయే దారీ అదే. తమ్ముడితో కూడా పరీక్ష చేయించాను. వాడి పితృశాఖ హెచ్, దక్షిణాసియాలో విస్తారంగా కనిపించేది. మా మాతృశాఖ ఎం. భారతీయుల్లో సగానికి పైగా ఈ శాఖ కిందికే వస్తారు. ఆఫ్రికా నుంచి బయటికి వచ్చిన మనుషుల్లో 60 వేల ఏళ్ళ కిందటి ప్రాంతంలో మొదలైన శాఖ ఇది, అండమాన్ దీవుల ఆదివాసులైన ఓంగీలదీ ఇందులోని కొమ్మే. అమ్మమ్మ తల్లి పేరు తెలియని నాకు, ఆమె తల్లుల తల్లులు ఏ సముద్రతీరాల వెంట నడిచి వచ్చి ఉంటారో ఊహించుకునే అవకాశం దొరికింది.

అయితే ఆ కంపెనీ నివేదికలో శాతాలతో వచ్చిన రంగుల పటాన్ని చూసి మురిసిపోవద్దని నేను అందరికీ చెబుతాను. ఫలానా ప్రాంతం ఇంత శాతం అన్నప్పుడు, వారి దగ్గర ఉన్న నమూనాల్లో ఎవరికి దగ్గరగా ఉన్నామో అదే వస్తుంది. నమూనాల సంచి మారితే శాతం మారుతుంది. పది తరాల వెనకటి 1,024 స్థానాల్లో పితృశాఖ ఒక్కరి దారి, మాతృశాఖ ఒక్కరి దారి, మిగిలిన 1,022 మంది గురించి అవి మౌనం. ఆ మిగిలినవారి కథ తెలియాలంటే మొత్తం క్రోమోజోములను, వేలమందిని పోల్చాలి.

ఆ పని జరిగింది. 2013లో తంగరాజ్, రైక్ బృందాలే 73 సమూహాలను పరీక్షించి, ఉత్తర భారత పూర్వికులు, దక్షిణ భారత పూర్వికులు అని తాము పిలిచిన రెండు మూలాలు సుమారు 4,200 నుంచి 1,900 ఏళ్ళ కిందటి మధ్యకాలంలో విస్తృతంగా కలిశాయని తేల్చాయి. 2019లో 523 మంది ప్రాచీన మానవుల డీఎన్‌ఏతో వచ్చిన పరిశోధన, హరియాణాలోని హరప్పా నాగరికత స్థలం రాఖీగఢీలో దొరికిన ఒక స్త్రీ అస్థిక నుంచి తీసిన డీఎన్‌ఏ ఆ రెండు మూలాలే లోపల ఎన్నో పాయల కలయిక అని మరింత వివరంగా చూపాయి. ఒకసారి మా సంఘం సమావేశంలో నన్ను మాట్లాడమంటే ఈ సంగతే చెప్పాను. చెంచులు, మాలలు, మాదిగలు, వెలమలు, వైశ్యులు, అందరిలోనూ ఆ రెండు మూలాలూ ఉన్నాయి, పాళ్ళే వేరు. 100 తరాల కంచె ఉన్నది నిజమే. ఆ కంచె లోపల ఉన్నది స్వచ్ఛమైన రక్తమని దాని అర్థం కాదు, కలిసిన రక్తాన్నే కంచె కట్టి నిలిపారని అర్థం. ముందు వరుసలో కూర్చున్న ఒక పెద్దాయన లేచి వెళ్ళిపోయారు. నేను చెప్పినదాన్ని మార్చుకోలేదు.

2017లో వచ్చిన పరిశోధన మా ఇంటికి మరీ దగ్గరిది. 260కి పైగా సమూహాల నుంచి 2,800 మందికి పైగా మనుషులను చూసి, 81 సమూహాల్లో స్థాపక ఘట్టం ఫిన్లాండు ప్రజల్లో, మధ్య, తూర్పు ఐరోపా మూలాలున్న అష్కెనాజీ యూదుల్లో కంటే బలమైనదని చెప్పారు. ఆ 81లో 14 సమూహాల జనాభా ఒక్కొక్కటి 10 లక్షలు దాటినది. జనాభా పెద్దదైతే ఈ సమస్య ఉండదని నేను అనుకునేదాన్ని. 30 లక్షలకు పైగా ఉన్న వైశ్యులూ ఆ జాబితాలో ఉన్నారు. మూలం చిన్నదైతే కొమ్మలు ఎంత విస్తరించినా అదే రసం పారుతుంది. మత్తు డాక్టర్లు మా కులం అడగడం ఎందుకు సరైన జాగ్రత్తో ఆ పత్రంలోనే ఉదాహరణగా ఇచ్చారు.

అష్కెనాజీ యూదులు ఈ జ్ఞానాన్ని ఏం చేశారో చదివినప్పుడు నాకు అసూయ కలిగింది. టే-సాక్స్ అనే ప్రాణాంతకమైన పిల్లల జబ్బు వారిలో ఎక్కువ. 1970ల నుంచి పెళ్ళికి ముందో, బిడ్డకు ముందో రక్తపరీక్ష చేయించుకోవడం అలవాటు చేసుకుని ఆ జబ్బును తొంభై శాతానికి పైగా తగ్గించుకున్నారు. మా ఇంట్లో జరిగింది వేరు. మా పిన్ని ఒకామె తన కూతురి పరీక్ష ఫలితం ఎవరికీ చెప్పవద్దని ఒట్టు వేయించుకుంది, సంబంధాలు తప్పిపోతాయని. మాది ప్రాణం తీసే జబ్బు కూడా కాదు, ఒక మందుకు దూరంగా ఉంటే నూరేళ్ళూ ఆరోగ్యంగా బతకవచ్చు. అయినా భయం. నేను ఒట్టు నిలుపుకున్నాను, కానీ ఆ అమ్మాయి పర్సులో పెట్టుకోవడానికి ఒక కార్డు మాత్రం రాసి ఇచ్చాను. ఇప్పటికి మా బంధువుల్లో 31 మందికి పరీక్ష చేయించాను. తమ్ముడు కాక మరో ఇద్దరిలో ఎంజైము దాదాపు లేదు. వాళ్ళలో ఒకరికి సిజేరియన్ జరిగినప్పుడు కార్డు చూపించారు, వేరే మందు వాడారు.

తమ్ముడి భార్యలో ఆ మార్పు లేదు. కనుక వాడి కూతురు తప్పనిసరిగా సగం నింపవలసిన సున్నా. దానికిప్పుడు 11 ఏళ్ళు. మొన్న సంక్రాంతి సెలవులకు వచ్చి, హాలు గోడకు అంటించిన ఆ పాత కాగితం మీద తన సున్నాను తానే పెన్సిలుతో సగం నల్లగా దిద్దింది. మొట్టమొదట ఈ అక్షరం మారిన మనిషిని ఎక్కడ గీయాలని అడిగింది. ఆ మనిషి 100 తరాల కంటే పైన ఉండవచ్చు, కాగితం చాలదన్నాను. అయితే తరానికి ఒక అంగుళం వేద్దాం అత్తా అంది. దుకాణంలో నుంచి టేపు తెచ్చి, తన పేరు దగ్గర నేల మీద ఒక కొస పట్టుకుని నన్ను రెండో కొస పైకి లాగమంది. 100 అంగుళాలంటే ఎనిమిది అడుగుల నాలుగు అంగుళాలు. స్టూలు ఎక్కి, సీలింగుకు జానెడు కింద పెన్సిలుతో చిన్న గీత పెట్టాను. చదరమా, సున్నానా అని అడిగింది. రెండూ వేయమన్నాను.